పలకా, పుస్తకమా: ఏ పనికి ఏ డిస్క్ రాసుకోవాలి

మా బాబాయి ఇంట్లో ఒక పాత సీడీ సెట్ ఉంది. కొని ఇరవై ఏళ్ళు దాటింది. రిమోట్ ఎప్పుడో పోయింది. ట్రే బయటికి రావాలంటే పక్కన చిన్నగా తట్టాలి. అయినా పొద్దున్నే కాఫీ తాగుతూ అందులో ఏదో ఒకటి వినకపోతే ఆయనకి తెల్లారినట్టుండదు. రెండేళ్ళ క్రితం బీరువా అడుగున మా తాతయ్య హరికథ క్యాసెట్లు దొరికాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి సీడీ చేసి ఇస్తానన్నాను. ఇచ్చాను. సాయంత్రానికి ఫోన్ వచ్చింది.

"ఏరా, నువ్విచ్చింది తిరుగుతోంది గానీ పలకడం లేదు. నో డిస్క్ అంటోంది. ఖాళీది ఇచ్చావా ఏంటి?"

ఖాళీది కాదు, తప్పు డిస్క్ ఇచ్చాను. పొరపాటు జరిగితే చెరిపి మళ్ళీ రాసుకోవచ్చు కదా అని సీడీ-ఆర్‌డబ్ల్యూ వాడాను. నా ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా పలికింది. ఆయన సెట్‌కి మాత్రం అసలు కనపడనే లేదు. ఖాళీ డిస్క్ కొనేటప్పుడు మనం మన రైటర్‌ని, అంటే డిస్క్ రాసే డ్రైవ్‌ని చూసుకుంటాం. చూడాల్సింది అవతల దాన్ని చదవబోయే మిషన్ని. కింద రాసిందంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

మొదట ఒక విషయం తేల్చుకోండి. మీరు ఇవ్వబోయే సెట్‌కి, కారుకి, టీవీకి యూఎస్‌బీ కన్నం ఉంటే డిస్క్ జోలికి వెళ్ళొద్దు, పెన్‌డ్రైవ్ చాలు. డిస్క్ అవసరం ఇంకా మిగిలిన చోట్లు కొన్నే: సీడీ మాత్రమే ఆడే పాత కార్లు, ఇంట్లో పెద్దవాళ్ళ సెట్లు, గుడి మైకు దగ్గర ఉండే ప్లేయర్లు, ఎమ్మారై, సీటీ తీసిన సెంటర్ ఇచ్చిన సీడీకి కాపీ, ఎవరూ చెరపలేని విధంగా దాచుకోవాల్సిన ఫోటోలు, కాగితాలు. ఇందులో మీది ఏదో చూసుకుని ముందుకి వెళ్ళండి.

పాటల సీడీ, ఫైళ్ళ సీడీ

ఒకే ఖాళీ సీడీ మీద రెండు రకాలుగా రాయొచ్చు. ఈ తేడా తెలియక పారేసిన సీడీలు మా ఇంట్లో ఓ కట్ట ఉంటాయి.

మొదటిది ఆడియో సీడీ. 1982లో సోనీ, ఫిలిప్స్ మార్కెట్లోకి తెచ్చిన పద్ధతే ఇప్పటికీ అది. అందులో ఫైళ్ళూ ఉండవు, ఫోల్డర్లూ ఉండవు. సెకనుకి 44,100 శాంపిళ్ళు (శబ్దం కొలతలు), ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానళ్ళు, అంతే. డిస్క్ మొదట్లో ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో చెప్పే చిన్న పట్టిక ఉంటుంది, ఆ తర్వాత అంతా శబ్దమే. అందుకే దీని కొలత ఎంబీల్లో కాదు, నిమిషాల్లో. మామూలు డిస్క్‌లో 80 నిమిషాలు, పాత రకం అయితే 74. ట్రాకులు 99 దాటకూడదు. మీరు ఎక్కించేది 320 కేబీపీఎస్ (సెకనుకి అన్ని కిలోబిట్లు) ఎంపీ3 అయినా, 128 అయినా, నాసిరకం వాట్సాప్ ఆడియో అయినా, రైట్ చేసే సాఫ్ట్‌వేర్ దాన్ని విప్పి ఇదే రూపంలోకి మార్చి రాస్తుంది. దానివల్ల నాణ్యత పెరగదు. పోయిన శబ్దం తిరిగి రాదు. అయిదు నిమిషాల పాట ఎలాంటిదైనా అయిదు నిమిషాల చోటే తింటుంది. కాబట్టి సినిమా పాటలైతే పదిహేనో పదహారో, అక్కడితో సరి.

రెండోది డేటా సీడీ. ఎంపీ3లు ఫైళ్ళుగా అలాగే కూర్చుంటాయి. 700 ఎంబీలో 128 కేబీపీఎస్ పాటలు పన్నెండు గంటలకి పైగా పడతాయి. హరికథ, ప్రవచనం, బుర్రకథ లాంటి మాట ప్రధానమైన పాత రికార్డింగులు మోనోలో 64 కేబీపీఎస్ చేస్తే ఒక్క సీడీలో ఇరవై నాలుగు గంటలు. రోజుకి గంట చొప్పున వింటే మూడు వారాలు దాటి నడుస్తుంది. ఇంత లాభం ఉండి కూడా, ప్లేయర్ ముఖం మీద ఎంపీ3 అని రాసి లేకపోతే ఇది దానికి పనికిరాదు. కొన్ని పాత సెట్లు డేటా సీడీ పెడితే ఊరుకుంటాయి. కొన్ని ట్రాక్ ఒకటి అని చూపించి నిశ్శబ్దంగా తిరుగుతాయి. బాగా పాతవి ఆ డేటానే శబ్దం అనుకుని బరబరమనే మోత వినిపిస్తాయి. ఆ మోత విన్న వాళ్ళు స్పీకర్ పోయిందని కంగారు పడతారు.

ఇక్కడే ఇంకో గొడవ. ఆడియో సీడీని విండోస్‌లో తెరిస్తే ట్రాక్01, ట్రాక్02 అంటూ సీడీఏ ఫైళ్ళు కనపడతాయి. వాటిని లాగి డెస్క్‌టాప్ మీద పడేసి, హమ్మయ్య కాపీ అయిపోయింది అనుకుంటారు. ఒక్కోటి 1 కేబీ కూడా ఉండదు. అవి పాటలు కావు, పాట ఎక్కడుందో చెప్పే గుర్తులు మాత్రమే. సీడీ తీసేశాక నొక్కితే ఏమీ రాదు. పాత ఆడియో సీడీని దాచుకోవాలంటే దాన్ని రిప్ చేయాలి, అంటే సాఫ్ట్‌వేర్‌తో శబ్దాన్ని బయటికి తీసి, నాణ్యత పోని వేవ్ ఫైలు గానో ఫ్లాక్ ఫైలు గానో మార్చుకోవాలి.

700 ఎంబీ డిస్క్‌లో 80 నిమిషాల వేవ్ ఎలా పడుతుందని ఓ స్నేహితుడు అడిగాడు. నిమిషానికి 10 ఎంబీ వేసుకున్నా 800 దాటుతుంది కదా అని. మంచి ప్రశ్నే. సీడీని సెకనుకి 75 గళ్ళుగా విడగొడతారు. ఒక్కో గడిలో 2352 బైట్లు. పాటకి గడి మొత్తం ఇచ్చేస్తారు. డేటాకి అందులో 2048 మాత్రమే ఇచ్చి, మిగతా చోటులో చాలావరకు తప్పులు దిద్దుకునే లెక్కలు పెడతారు. పాటలో ఒక్క అంకె పోతే ప్లేయర్ పక్క అంకెల్ని చూసి ఊహించి పూడ్చేస్తుంది, మన చెవికి తెలియదు. ఎక్సెల్ షీట్‌లో ఒక్క అంకె పోతే ఊహించి పూడ్చడం కుదరదు. చెవి క్షమించినంత సులువుగా ఫైలు క్షమించదు. అందువల్లే విలువైన రికార్డింగ్ అసలు ప్రతిని నేను ఆడియో సీడీగా దాచను. వేవ్ ఫైళ్ళుగా డేటా డిస్క్ మీద దాస్తాను. ఆడియో సీడీ వినడానికి.

ఆర్, ఆర్‌డబ్ల్యూ

సీడీ-ఆర్‌లో ఒక రంగు పొర ఉంటుంది. లేజర్ వేడికి అది అక్కడక్కడ మాడి, ఆ మచ్చలే రాతవుతాయి. వెనక్కి పోదు. సిరాతో పుస్తకంలో రాసినట్టు. ఆర్‌డబ్ల్యూలో రంగు బదులు లోహాల మిశ్రమం ఉంటుంది: వెండి, ఇండియం, యాంటిమొని, టెల్లూరియం. దాన్ని బాగా వేడి చేసి చటుక్కున చల్లారిస్తే ఒక స్థితి, మెల్లగా వేడి చేస్తే ఇంకో స్థితి. అందుకే చెరిపి మళ్ళీ రాయొచ్చు. పలకా, బలపం అనుకోండి. వెయ్యి సార్ల దాకా రాయొచ్చంటారు. అన్ని సార్లు రాసిన మనిషిని నేను చూడలేదు.

పలకతో చిక్కు ఏంటంటే అది మసకగా మెరుస్తుంది. సీడీ-ఆర్ తన మీద పడ్డ వెలుతురులో 65 శాతానికి పైగా తిప్పికొడుతుంది, దాదాపు కంపెనీ సీడీలాగే. ఆర్‌డబ్ల్యూ తిప్పికొట్టేది 15 నుంచి 25 శాతం. పాత ప్లేయర్లు ఆ కొద్ది మెరుపుని పట్టుకోలేవు. సీడీ-ఆర్‌డబ్ల్యూ వచ్చిందే 1997 ప్రాంతంలో. అంతకుముందు తయారైన సెట్లకి దాని సంగతే తెలియదు, తర్వాత వచ్చిన చవక సెట్లూ చాలావరకు పట్టించుకోలేదు. మా బాబాయి సెట్ చెప్పిన నో డిస్క్ అబద్ధం కాదు. దాని కంటికి నిజంగానే డిస్క్ లేదు.

అయితే ఆర్‌డబ్ల్యూ దేనికి? ప్రయత్నించి చూసుకోవడానికి. ట్రాకుల వరుస సరిపోయిందా, మధ్యలో ఖాళీ వస్తోందా అని మీ ఇంట్లో చూసుకోవడానికి ఒకటి ఉంచుకోండి. కారు స్టీరియో గనక దాన్ని చదివితే వారం వారం పాటలు మార్చుకోవడానికీ బాగుంటుంది. ఎవరికైనా ఇవ్వడానికి, దాచుకోవడానికి మాత్రం వద్దు. కొనే ముందు డబ్బా మీద స్పీడ్ కూడా చూడండి. ఆర్‌డబ్ల్యూలో మామూలు, హై స్పీడ్, అల్ట్రా స్పీడ్ అని తెగలున్నాయి, పాత రైటర్లు అల్ట్రా స్పీడ్‌వి రాయలేవు. ఇంకోటి, క్విక్ ఎరేజ్ నొక్కితే పట్టిక మాత్రమే పోతుంది, రాసింది లోపల అలాగే ఉంటుంది. బ్యాంకు కాగితాలు పెట్టిన డిస్క్‌ని పక్కింటి అబ్బాయికి ఇచ్చే ముందు ఫుల్ ఎరేజ్ చేయండి.

రాసే పద్ధతి

డిస్క్ సరైనదే కొన్నా, రాసేటప్పుడు సాఫ్ట్‌వేర్ అడిగే ఒకటి రెండు ప్రశ్నలకి తప్పు జవాబు చెబితే మళ్ళీ అదే కథ. నా అనుభవంలో పాడయ్యే సీడీల్లో ఎక్కువ భాగం ఇక్కడే పాడవుతాయి.

విండోస్‌లో ఖాళీ డిస్క్ పెట్టగానే ఒక పెట్టె వస్తుంది. దీన్ని యూఎస్‌బీ డ్రైవ్‌లా వాడతారా, సీడీ, డీవీడీ ప్లేయర్‌తో వాడతారా అని. మొదటిది ఆకర్షణగా ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లా ఫైళ్ళు లాగి పడేస్తే చాలు, ఎప్పటికప్పుడు రాసేసుకుంటుంది. కానీ అలా రాసింది ఇంకో కంప్యూటర్‌లో తప్ప ప్లేయర్లలో సాధారణంగా ఆడదు. సీడీ-ఆర్ మీద ఫైలు డిలీట్ చేసినా చోటు తిరిగి రాదు, పేరు కనపడకుండా పోతుందంతే. కారుకీ, సెట్‌కీ, టీవీ కింద డీవీడీ ప్లేయర్‌కీ రెండోదే ఎంచుకోండి. ఆడియో సీడీ కావాలంటే ఈ పెట్టెని మూసేసి, పాత విండోస్ మీడియా ప్లేయర్‌లో బర్న్ పేజీకి వెళ్ళి అక్కడ ఆడియో సీడీ అని గుర్తు పెట్టండి. ఇక్కడ డేటా అని ఉండిపోతే ఎంపీ3 సీడీ వస్తుంది, చూసుకోండి.

ఇమ్జ్‌బర్న్, సీడీబర్నర్ ఎక్స్‌పీ, లినక్స్‌లో కే3బీ లాంటివి వాడితే ఇంకొన్ని మాటలు ఎదురవుతాయి. డిస్క్-ఎట్-వన్స్ అంటే మొదలు నుంచి చివరి దాకా లేజర్ ఆపకుండా ఒకే విడతలో రాసి మూసేయడం. ట్రాక్-ఎట్-వన్స్ అంటే ట్రాక్ ట్రాక్‌కీ ఆగి రాయడం. రెండోదానిలో పాటకీ పాటకీ మధ్య రెండు సెకన్ల ఖాళీ పడుతుంది. సినిమా పాటలకి అది బాధ కాదు. కచేరీకి, హరికథకి బాధే. రాగాలాపన నుంచి కృతిలోకి వెళ్ళేచోట, దాసుగారు వచనం చెబుతూ చెబుతూ పద్యం ఎత్తుకునే చోట సరిగ్గా రెండు సెకన్లు గుటుక్కుమంటుంది. ఆడియోకి ఎప్పుడూ డిస్క్-ఎట్-వన్స్ పెట్టి, ట్రాకుల మధ్య ఖాళీ సున్నా చేయండి.

మల్టీసెషన్ అని ఒకటుంది. ఈరోజు 200 ఎంబీ రాసి, వచ్చే నెల ఇంకో 200 కలుపుకోవచ్చు. డేటాకి బాగానే ఉంటుంది గానీ, మొదటి సెషన్ (ఒక విడత రాత) మూసేందుకు 20 ఎంబీకి పైగా, తర్వాత ప్రతిదానికీ 13 ఎంబీ చొప్పున పోతుంది. ఆడియోకి మాత్రం వద్దే వద్దు. మామూలు సీడీ ప్లేయర్ మొదటి సెషన్ దాటి చూడదు. నెల తర్వాత మీరు కలిపిన పాటలు దానికి లేనట్టే. ఏ డిస్క్ అయినా ఎవరికైనా ఇచ్చే ముందు ఫైనలైజ్ అయిందో లేదో, అంటే ఇక రాయడానికి లేకుండా మూసేశారో లేదో చూడండి. మూయని డిస్క్‌ని రాసిన రైటర్ చదువుతుంది, మిగతావి తల అడ్డంగా ఊపుతాయి.

తెలుగు పేర్ల గొడవ

డేటా డిస్క్ మీద ఫైలు పేర్లు తెలుగులో పెట్టొచ్చా? పెట్టొచ్చు, కంప్యూటర్‌లో చదువుకోవడానికైతే. సీడీల పాత పద్ధతి ఐఎస్ఓ 9660, దానిలో పెద్ద ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఏవీ చెల్లవు. మైక్రోసాఫ్ట్ దానిపై జోలియెట్ అని ఒక పొర కలిపింది. యూనికోడ్ పేర్లు పడతాయి, కానీ 64 అక్షరాల లోపు. ఇక్కడ మన లిపికి నష్టం. మనం ఒక అక్షరం అనుకునేది కంప్యూటర్‌కి ఒక్కోసారి రెండో మూడో నాలుగో. శ్రీరామనవమి మన కంటికి ఆరు అక్షరాలు, దాని లెక్కలో పదకొండు. శ్రీ ఒక్కటే నాలుగు తినేస్తుంది. కాస్త వివరంగా పేరు పెడితే చివర కోసుకుపోతుంది, తారీఖు చివర పెట్టుకుంటే పోయేది అదే. కారు స్టీరియోలైతే తెలుగు అక్షరాల బదులు డబ్బాలో, చుక్కలో చూపిస్తాయి. కొన్ని ఆ ఫైలునే వదిలేసి ముందుకి పోతాయి.

కాబట్టి ప్లేయర్‌కి ఇచ్చే ఎంపీ3 సీడీలో పేర్లు ఇంగ్లీష్ అక్షరాల్లో, చిన్నవిగా, ముందు 01, 02 అంకెలతో పెట్టండి. 1, 2 అని పెడితే కొన్ని ప్లేయర్లు 1 తర్వాత 10ని ఆడిస్తాయి. పేర్లు తెలుగులోనే కావాలని పట్టుబడితే, రాసేటప్పుడు యూడీఎఫ్ పద్ధతి ఎంచుకోండి, అందులో పొడవు సమస్య చాలావరకు తీరుతుంది. అది కంప్యూటర్ల కోసం. కారుకి కాదు.

సీడీ సరిపోతుందా, పెద్దది కావాలా

డేటా కోసమైతే సీడీ రోజులు పోయాయనే చెప్పాలి. ఇప్పటి ఫోన్ ఫోటోలు 700 ఎంబీలో రెండొందలు పట్టినా గొప్పే. డీవీడీ 4.7 జీబీ అంటారు. విండోస్ లెక్కలో అది 4.38, కాబట్టి 4.5 జీబీ ఫోల్డర్ పెట్టి పట్టడం లేదని డిస్క్‌ని తిట్టకండి. రెండు పొరలది 8.5. బ్లూరే ఒక పొరలో 25 జీబీ, రెండిట్లో 50, ఆపైన 100, 128 కూడా ఉన్నాయి. నాలుగేళ్ళ ఫోటోలు దాచుకోవాలంటే ఇరవై డీవీడీల కంటే నాలుగు బ్లూరేలు నయం. కాకపోతే బ్లూరే రైటర్ విడిగా కొనాలి, రేపు చదవడానికి అలాంటి డ్రైవ్ దొరకాలి. డీవీడీ డ్రైవ్ ఇంకా వీధి చివర పాత డెస్క్‌టాప్‌లో కూడా దొరుకుతుంది.

డీవీడీ-ఆర్, డీవీడీ+ఆర్ తేడా గురించి ఒకప్పుడు పెద్ద వాదనలు నడిచేవి. ఇప్పటి డ్రైవ్‌లు రెండూ చదువుతాయి. బాగా పాత డీవీడీ ప్లేయర్‌కి ఇవ్వాలంటే మైనస్ ఆర్ కొనండి, గొడవ తక్కువ. అంతకుమించి ఆలోచించక్కర్లేదు.

వీడియో మాత్రం ఆలోచించాల్సిన సంగతి. పెళ్ళి వీడియో ఎంపీ4 ఫైలుని డీవీడీ మీద కాపీ చేసినంత మాత్రాన అది డీవీడీ ప్లేయర్‌లో ఆడదు. ప్లేయర్ కోరేది ఎంపెగ్-2 వీడియో, దానికి తగిన ఫోల్డర్ల అమరిక. డీవీడీస్టైలర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తుంది, రెండు గంటల వీడియోకి ఓ పూట పడుతుంది. అమెరికాలో ఉన్న అక్కకో అన్నకో పంపేటట్టయితే అందులో పాల్ బదులు ఎన్‌టీఎస్‌సీ ఎంచుకోండి. మన దగ్గర సెకనుకి 25 ఫ్రేముల పాల్ పద్ధతి, వాళ్ళ దగ్గర సుమారు 30. మన ప్లేయర్లు చాలావరకు రెండూ ఆడిస్తాయి, అక్కడి పాతవి పాల్‌ని మొహమాటం లేకుండా తోసేస్తాయి. డాలర్లు పోసి కొరియర్ చేశాక ఇది తెలిస్తే ఏడుపొస్తుంది. రీజియన్ కోడ్ గురించి భయం వద్దు, అది కంపెనీలు అచ్చు వేసే సినిమా డిస్కులకే. ఇంట్లో రాసుకున్న వాటికి ఉండదు.

స్కానింగ్ సెంటర్ సీడీ గురించి ఒక్క మాట. అందులోంచి బొమ్మలున్న ఫోల్డర్ ఒక్కటే ఏరుకుని కొత్త డిస్క్ మీద రాసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళకండి. డైకామ్‌డిర్ అని ఒక ఫైలు పై వరుసలోనే ఉండాలి, దాని ఆధారంగానే అవతలి కంప్యూటర్ మిగతావి వెతుక్కుంటుంది. మొత్తం డిస్క్‌ని ఐఎస్ఓ ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు ఒకే ఫైలు నకలుగా తీసి, ఆ ఇమేజ్‌నే కొత్త సీడీ-ఆర్ మీద దింపండి.

ఎంత వేగం, ఏ డిస్క్

52ఎక్స్ (మామూలు వేగానికి 52 రెట్లు) అని రైటర్ మీద రాసి ఉంటుంది కదా అని 52లో రాయక్కర్లేదు. నిండు సీడీ 16ఎక్స్‌లో అయిదు నిమిషాలు. 52లో రెండున్నర, మూడు. ఆ రెండు నిమిషాలతో మనం కట్టే మేడలేమీ లేవు. అలాగని పాతకాలం సలహా విని 1ఎక్స్, 2ఎక్స్‌లో రాయాల్సిన పనీ లేదు, ఇప్పటి డిస్కుల రంగు పొర అంత నెమ్మదికి తయారు చేసింది కాదు. సీడీకి 16, డీవీడీకి 8, అటూ ఇటూగా. రాయడం అయ్యాక సరిగ్గా పడిందో లేదో చదివి సరిచూసే వెరిఫై గుర్తు తప్పకుండా పెట్టండి. నేను వేగంలో రాజీ పడతాను, దీనిలో పడను. ల్యాప్‌టాప్‌కి బయట తగిలించే రైటర్ అయితే హబ్‌కి కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. కరెంటు చాలక మధ్యలో ఆగిపోయిన డిస్కులు నా దగ్గర టీ కప్పుల కింద పెట్టుకోవడానికి సరిపడా ఉన్నాయి.

మ్యూజిక్ సీడీ-ఆర్ అని విడిగా కొన్ని కనపడతాయి. కంప్యూటర్ లేకుండా నేరుగా పాటలు రికార్డు చేసే యంత్రాలకే అవి కావాలి. కంప్యూటర్‌కి మామూలు డిస్క్ చాలు, శబ్దంలో తేడా ఏమీ ఉండదు.

బ్రాండ్ సంగతికొస్తే, ఒకప్పుడు మన దేశంలో ఖాళీ సీడీ అంటే మోజర్ బేర్. నోయిడా దగ్గర దాని ప్లాంట్లు ఉండేవి, చవక సినిమా డీవీడీలు కూడా అమ్మింది. 2018లో ఆ కంపెనీ లిక్విడేషన్‌కి వెళ్ళింది. సీడీ-ఆర్‌ని మొదట తయారు చేసిన జపాన్ కంపెనీ తైయో యూడెన్ 2015లోనే డిస్కులు ఆపేసింది. రాసుకునే బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపింది. దుకాణంలో ఏళ్ళ తరబడి ఎండలో వేలాడిన కట్ట కొనే కంటే, కొత్తగా తయారైన వెర్బాటిమ్ లాంటివి వెతుక్కోండి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలో ఇంకా అడిగితే తీసిస్తారు. పాతిక, యాభై కట్టగా కొంటే ముందు ఒకటి రాసి, వెరిఫై చేసి చూడండి, మిగతావాటి సంగతి దాన్నిబట్టి తెలుస్తుంది.

ఎన్నాళ్ళుంటుంది

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక లెక్క ఉంది. తయారీదారుల పరీక్షల ప్రకారం సరైన నిల్వలో సీడీ-ఆర్, డీవీడీ-ఆర్ వందేళ్ళకి పైగా, ఆర్‌డబ్ల్యూలు 25 ఏళ్ళో అంతకు మించో ఉండాలని. సరైన నిల్వ అంటే 4 నుంచి 20 డిగ్రీలు, తేమ 20 నుంచి 50 శాతం. మే నెలలో రెంటచింతల ఎండ, ఏడాది పొడుగునా మచిలీపట్నం తేమ తెలిసిన వాళ్ళకి ఆ వందేళ్ళ మీద ఎంత ఆశ పెట్టుకోవాలో వేరే చెప్పక్కర్లేదు. కారు డాష్‌బోర్డ్ మీద వదిలేసిన సీడీ-ఆర్ ఒకటి రెండు వేసవుల్లోనే మొరాయించడం నేను చూశాను.

ఎండ పడని అల్మరాలో, గట్టి డబ్బాలో, నిలబెట్టి దాచండి. ప్లాస్టిక్ కవర్లలో కుక్కి ఒకదానిపై ఒకటి పేర్చొద్దు. సీడీకి ప్రాణం అడుగు వైపు ఉందని అందరూ అటు జాగ్రత్త పడతారు. నిజానికి రాత పొర ఉండేది పైన, పేరు రాసే వైపు, పల్చటి లక్క పూత కిందే. అడుగున మిల్లీమీటరుకి పైగా ప్లాస్టిక్ కాపు ఉంది, పైన గోరు గీత చాలు. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్యలో ఇరుక్కుని ఉంటుంది, ఆ విషయంలో అదే గట్టి. బాల్ పెన్ను వాడొద్దు, మెత్తటి మార్కర్‌తో రాయండి. స్టిక్కర్లు అంటించొద్దు, వేగంగా తిరిగేటప్పుడు బరువు ఓ పక్కకి లాగుతుంది.

నిజంగా పిల్లల పిల్లల దాకా చేరాల్సినవి ఉంటే ఎం-డిస్క్ అని ఒకటుంది. అమెరికాలో యూటా రాష్ట్రానికి చెందిన మిలెన్నియాటా అనే కంపెనీ తెచ్చింది. రంగు పొర బదులు రాయి లాంటి పదార్థం, దాన్ని లేజర్ తొలిచి గుంటలు పెడుతుంది. తాటాకు మీద గంటంతో గీసినట్టన్నమాట, సిరా వెలిసిపోయే భయం లేదు. వెయ్యేళ్ళని ఆ కంపెనీ మాట. వెయ్యేళ్ళ తర్వాత చూడటానికి ఎవరూ ఉండరు కాబట్టి ఎవరైనా అనొచ్చు. పోలికలో మామూలు డిస్క్ కంటే గట్టిదన్నది మాత్రం ఒప్పుకుంటాను. డీవీడీ రకం రాయాలంటే రైటర్ మీద ఎం-డిస్క్ గుర్తు ఉండాలి. ధర ఎక్కువ, అందుకే అన్నిటికీ కాదు. నేను ఇంటి దస్తావేజుల స్కాన్లకి, తాతయ్య వేవ్ ఫైళ్ళకి మాత్రమే వాడాను. వాటికే హార్డ్ డిస్క్‌లో ఒకటి, చెల్లి వాళ్ళింట్లో ఒకటి కాపీలు కూడా ఉన్నాయి.

బాబాయి సీడీలకి తిరిగి వస్తాను. ఆర్‌డబ్ల్యూ మానేసి సీడీ-ఆర్ తీసుకున్నాను. ఎంపీ3 ఆలోచనా మానేశాను, ఆ సెట్‌కి చదువు రాదు కాబట్టి. ఇంకో చిక్కు మిగిలింది. తాతయ్యవి అన్నీ 90 నిమిషాల క్యాసెట్లు, డిస్క్‌లో పట్టేది 80. చప్పట్లు, గొంతు సవరించుకోవడాలు, మైకు సర్దుబాట్లు కోసేస్తే పది నిమిషాలు కలిసొస్తుందని మొదట కత్తిరించాను కూడా. వింటే ప్రాణం లేనట్టనిపించింది. ఒక్కో క్యాసెట్‌ని రెండు సీడీలు చేశాను, ఏ వైపుది ఒకటి, బీ వైపుది ఇంకోటి. అయిదు నిమిషాలకో ట్రాక్ గుర్తు పెట్టి, ఖాళీ సున్నా చేసి, డిస్క్-ఎట్-వన్స్‌లో, 16ఎక్స్‌లో రాశాను.

ఈసారి ఫోన్ మర్నాడు పొద్దున వచ్చింది. మొదటి డిస్క్ అయిపోయిన చోట ఆయనకి గుర్తొచ్చిందట, ఆ రాత్రి పందిట్లో టేప్ రికార్డర్ పక్కన కూర్చుని క్యాసెట్ తిప్పింది తనేనని. తిప్పేలోపు తాతయ్య చెప్పిన పిట్టకథ ఒకటి రికార్డు కాలేదట. అది ఫోన్లోనే మొత్తం చెప్పాడు. నేను ఫోన్లో రికార్డు నొక్కాను. బీ వైపు సీడీ మళ్ళీ రాయాలి, మొదటి ట్రాక్‌గా అది పెట్టి.